దాటేసిన పేజీ

లైబ్రరీ తలుపులు తెరవగానే ఆవిడ వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. బాలసాహిత్యం మీద పరిశోధన. కూతురు పోయాక మానేస్తుందనుకున్నారంతా. మానలేదు, అలాగని చేస్తున్నట్టూ లేదు. ఏడుపు రాదు, కోపం రాదు. మనిషి మొద్దుబారిపోయింది.

"నీ థీసిస్‌లో సాహిత్యం బోలెడుంది, పిల్లలేరమ్మా?" అన్నారు గైడుగారు. "నెలాఖరులోగా ఆధారాలు చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసేస్తారు. ఇక నా చేతుల్లో ఏం లేదు."

పిల్లలేరమ్మా అన్న మాటకి కూడా ఆవిడలో చలనం లేదు. తలూపి వచ్చేసింది.

ఆ లైబ్రరీలో పిల్లల పుస్తకాలకి ఓ అలవాటుంది. ఎవరైనా పిల్లలకి చదివి వినిపిస్తే ఆ గొంతులు అందులోనే ఉండిపోతాయి. తెరిస్తే చాలు, ఒకటే గోల. అందుకే లైబ్రేరియన్ వాటిని పురికొసతో బిగించి కట్టి వెనక గదిలో పడేసేవాడు. పరిశోధకులకి నోరెత్తని పుస్తకాలే ఇచ్చేవాడు. ఆవిడా ఇన్నాళ్లూ అవే చదివింది. అంటే, ఏ పిల్లా వినని పుస్తకాలన్నమాట! ఇంత చదువు చదివినా ఆ సంగతి ఇప్పటిదాకా తట్టనేలేదు.

"బాబాయిగారూ, ఆ కట్టేసినవి ఓసారి ఇస్తారా?"

"అమ్మో, చెవులు చిల్లులు పడతాయమ్మా! సరే, తలుపేసుకుని చూసుకో."

ఒక్కో ముడీ విప్పింది. ఒకదాంట్లో ఓ తాత దగ్గుకుంటూ చదువుతుంటే మనవడు పులిలా గాండ్రిస్తున్నాడు. ఇంకోదాంట్లో అక్క తమ్ముణ్ణి మొట్టింది, వాడు రాగం అందుకున్నాడు. ఆవిడ రాసుకుంటూ పోయింది. ఆ తర్వాత చేతికొచ్చింది, ఒకప్పుడు తనే ఇంటికి తీసుకెళ్లిన ఏనుగు పుస్తకం. తెరవగానే తన గొంతే, ఎవరో తరుముతున్నట్టు చదువుతోంది.

"అమ్మా, ఓ పేజీ దాటేశావ్!"

"లేదే. పడుకో."

"దాటేశావ్. ఏనుగు ఏడ్చే పేజీ."

"రేపు చదువుతాలే బంగారం."

అంతే. ఆ రేపు రాలేదు.

ఆవిడ బావురుమంది. ఎంత ఏడ్చిందో ఏమో, ఆ ఏడుపులోనే ఆ పేజీ తీసి, ఒక్క మాటా వదలకుండా పైకి చదివింది.

నెలాఖరున గైడుగారి ముందు కొత్త అంశం పెట్టింది. పిల్లలకి చదివేటప్పుడు పెద్దలు దాటేసే పేజీలు.

"ఆధారాలు?" అన్నారాయన.

ఏనుగు పుస్తకం తెరిచింది. హడావిడి గొంతు అయిపోయింది. దాని వెనకే, ఏడుస్తూ చదివిన గొంతు వచ్చింది. అదీ అయ్యాక, ఆ గదిలో చదివిన రోజు వినపడని మాట ఒకటి వినపడింది.

"ఇప్పుడు పడుకుంటానమ్మా."

గైడుగారు సంతకం పెట్టి కాగితం ఆవిడ చేతికిచ్చారు.