మీటింగుకి పిలవని పదకొండుమంది

బావ తాడు నిచ్చెన మీంచి పడ్డప్పుడు ఆ నిచ్చెన కింది కొస పట్టుకుని ఉన్నది నేనే. నేను చెప్పేది వినేవాళ్లలో కూలీలున్నారు, చదువుకునే పిల్లలున్నారు. ఎవరి తప్పయినా చెప్పే ముందు నాది చెప్పాలి.

బావంటే మా అక్క మొగుడు. రేవులో ఓడల్ని కట్టే మోకులు తెగితే, పేని అతికేది ఆయనే. ఆరేళ్ల కిందట బిగిసిన మోకు ఒకటి తెగి కొట్టిన దెబ్బకి ఎడమ కాలు పోయింది. అప్పట్నించీ పెట్టుడు కాలితో షెడ్డులో కూర్చుని అదే పని చేస్తున్నాడు.

కొత్త కాంట్రాక్టర్ వచ్చాడు. తాడు నిచ్చెన మీద ఓడ డెక్కు దాకా ఎక్కినవాడికే గేట్ పాస్ అన్నాడు. నిచ్చెన కింది కొస నన్ను పట్టుకోమన్నాడు.

"నా పని షెడ్డులో కదయ్యా" అన్నాడు బావ.

"ఓడ పనంటే ఓడెక్కాలి. ఎక్కు."

నాలుగు మెట్లు ఎక్కాడు. ఐదో మెట్టు మీద పెట్టుడు కాలు జారి, జెట్టీ మీద వెల్లకిలా పడ్డాడు. వందమందిమి చూశాం. ఎవడో కిసుక్కున నవ్వాడు. నేను నవ్వలేదు. కానీ నిచ్చెన వదల్లేదు. తర్వాతి వాడి కోసం ఇంకా బిగించి పట్టుకున్నాను.

ఆ రోజు బావతో కలిపి పదకొండుమంది వికలాంగుల్ని గెంటేశారు. నిచ్చెన చకచకా ఎక్కిన వెల్డర్ అమ్మాయిని కూడా, చెవులు వినపడవని.

సాయంత్రం యూనియన్ ఆఫీసులో మీటింగ్. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. గంటసేపు ఊగిపోతూ మాట్లాడాం. "పాపం, వాళ్లకేదైనా తేలిక పని చూడమందాం" అన్నాడు కార్యదర్శి. చప్పట్లు కొట్టాం.

అప్పుడే వెల్డర్ అమ్మాయి లోపలికొచ్చి బల్ల మీద కాగితం పెట్టింది. కార్యదర్శి పైకి చదివాడు: "మీరు మాట్లాడేది మా గురించే. మేం కింద రోడ్డు మీదే ఉన్నాం. మమ్మల్నెవరూ పిలవలేదు."

ఆరేళ్లుగా బావ మీటింగులకి రావడం లేదు. ఆసక్తి లేదనుకున్నాం. ఎందుకు రావడం లేదని ఒక్కరమైనా అడగలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు.

అందరం కిందికి దిగాం.

"తేలిక పనేంట్రా?" బావ నామీద విరుచుకుపడ్డాడు. "నేను అతికిన మోకు ఎన్నడైనా తెగిందా? నా పని నాకు కావాలి. అసలు ఆ నిచ్చెన పట్టుకోడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

"భయమేసింది బావా. నా పాస్ కూడా పోతుందని."

"అందరికీ వినపడేలా చెప్పు."

చెప్పాను. వెల్డర్ అమ్మాయికి రాసిచ్చాను. నవ్వినవాడు కూడా తలొంచుకుని ముందుకొచ్చాడు.

"రేపు పొద్దున ఓడ బయల్దేరాలి" అన్నాడు బావ. "మోకు ఎవరూ విప్పొద్దు."

మర్నాడు ఎవరూ విప్పలేదు. ఓడ హారన్ కొట్టీ కొట్టీ ఊరుకుంది. కాంట్రాక్టర్ గొంతు చించుకున్నాడు. ఆ అమ్మాయి సంగతి సరే, ఆ పూట అతని అరుపులు మాకెవరికీ వినపడలేదు.

పదింటికి పోలీసులొచ్చి మమ్మల్ని వ్యాన్ ఎక్కించడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టర్ బావని చూసి, "ఈ అవిటాయన్ని వదిలెయ్యండి, పాపం" అన్నాడు.

"పాపమేంటి? పని ఆపించింది నేను. నన్ను అరెస్ట్ చెయ్యండి!"

"ఎక్కలేవులే."

ఇంకా ఎక్కనివాళ్లంతా రోడ్డు మీద బైఠాయించారు. "ఆయన లేకుండా కదలం!"

బావ వ్యాన్ మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఆనించి మెల్లగా లోపలికి జరిగాడు. అప్పటికే లోపలున్న నేను చెయ్యి చాచాను.

"చెయ్యి వద్దు. జరిగి చోటివ్వు."

జరిగాను. ఆయన మొహంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాను. రెండో షిఫ్టువాళ్లు వేళకి ముందే ఒక్కొక్కరే వచ్చి మేం లేచిన చోట కూర్చుంటున్నారు. ఓడ ఇంకా కట్టేసే ఉంది.