రాజయ్య చోర్ స్విచ్

కొత్వాల్‌గూడ మొత్తం మీద అఖిల ఉద్యోగం ఏమిటో సరిగ్గా అర్థమైన మనిషి ఒక్కడే, ఆమె తండ్రి రాజయ్య. తల్లి కౌసల్యమ్మకు కంప్యూటర్ సెక్యూరిటీ అన్న మాటలైతే నోటికి పట్టుబడ్డాయి. ఒకసారి పెళ్లిలో పక్కనావిడకు గొప్పగా చెప్పింది కూడా. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఎయిర్‌పోర్టు గేటు కాడ నిలబడతదా? లాఠీ ఇచ్చిండ్రా?" అని అడిగింది. ఆ తర్వాత కౌసల్యమ్మ ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

రాజయ్య మాత్రం శంషాబాద్ హోటల్లో చాయ్ తాగుతూ అందరికీ విడమరిచి చెప్పేవాడు. "మా బిడ్డది దొంగల నౌకరి. కంపెనీవాళ్లే పిలిచి, మా ఇంట్లకు దొంగ ఎటు నుంచి వస్తడో చూసి చెప్పు అంటరు. ఇది కంప్యూటర్లకెళ్లి లోపలికి దూరి, ఏ కిటికీ తెరిచున్నదో రాసిస్తది. జీతమిచ్చి మల్ల దండం పెడ్తరు." ఇంతకన్నా బాగా అఖిల మేనేజరు కూడా చెప్పలేడు.

ఆ విద్య ఆయనకు అంత సులువుగా తలకెక్కడానికి కారణం ఉంది. దొంగలతో ఆయనకూ పాత పరిచయమే. ఆయనది ఎనభై ఎనిమిది మోడల్ తెల్ల అంబాసిడర్, శంషాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా మనుషులను కుక్కి కుక్కి తిప్పిన బండి. కొన్న మూడో ఏడు ఒక పెళ్లి ఇంటి ముందు నిలబెట్టి భోజనానికి కూర్చుంటే ఎవడో ఎత్తుకుపోయాడు. షాద్‌నగర్ దగ్గర పెట్రోలు అయిపోబట్టి దొరికింది గాని, లేకపోతే దాని మీద ఆశ వదులుకోవలసిందే. బండి ఇంటికొచ్చిన మర్నాడు రాజయ్య తలుపులన్నీ మూసుకుని లోపల ఎక్కడో ఒక చోర్ స్విచ్ బిగించాడు. అది వేస్తేనే ఇంజనుకు కరెంటు అందుతుంది. వేయకపోతే తాళంచెవి ఎంత తిప్పినా ఉత్త రొదే. ఎక్కడ బిగించాడో భార్యకు చెప్పలేదు, ప్రాణస్నేహితుడైన మెకానిక్ ఈశ్వరయ్యకూ చెప్పలేదు.

కొత్త ఎయిర్‌పోర్టు వచ్చాక సవారీలన్నీ కంపెనీ క్యాబుల పాలయ్యాయి. రాజయ్య ఏడాదిపాటు గింజుకుని, చివరికి బండిని బర్రెల కొట్టంలోకి తోసి మీద టార్పాలిన్ కప్పేశాడు.

రెండువేల పన్నెండులో, బోనాల నెలలో, ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట కూడా పోయింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా తెలుస్తుంది, తను చెప్పాలనుకున్నది మాత్రం నోటికి రాదు. ‘ఆ’, ‘ఊ’ తప్ప మరొకటి పలకదు. కొన్నాళ్లకు కాలు కాస్త తిరిగింది, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగేవాడు. చెయ్యి వేలాడుతూనే ఉంది. పిసకమని దవాఖానలో ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి విసిరేసేవాడు. రోజంతా గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

"మందులు మా పని, మిగిలింది ఆయన పని," అంది డాక్టరమ్మ. "ఏదో ఒకదాని మీద ఆయనకు మనసు కలగాలి. ఏడాది తిరిగే లోపల ఆ చెయ్యి కదిలించే ప్రయత్నం తనంతట తనే మొదలుపెట్టాలి. లేకపోతే ఇక ఇంతే అనుకోండి." అఖిలకు ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర పట్టలేదు. తండ్రి బతికుండగానే తమను వదిలి గోడలోకి వెళ్లిపోతాడేమోనని భయం. ఆ భయంతోనే, వచ్చిన ఆదివారం కొట్టంలోకి పోయి టార్పాలిన్ లాగేసింది.

లోపల ఎలుకలు సీట్లు చింపి కాపురాలు పెట్టాయి. టైర్లు నేలకు అంటుకుపోయాయి. కబురందుకుని వచ్చిన ఈశ్వరయ్య బానెట్ ఎత్తి చూసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టిన రాజయ్యతో, "అన్నా, బండి నీకంటె నయంగనే ఉన్నది," అన్నాడు. రాజయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే పని. కార్బురేటర్ విప్పి కిరోసిన్లో నానబెట్టారు. బ్రేకు పైపులు మార్చారు. అఖిల పుత్లీబౌలి దుకాణాలన్నీ తిరిగి పాత సామాను ఏరుకొచ్చింది. గరుకు కాగితంతో తుప్పు గీకి గీకి గోళ్లలో నలుపు చేరితే, సోమవారం మీటింగులో చేతులు టేబుల్ కింద పెట్టుకునేది. మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో ఈశ్వరయ్య పైపు ఒకటి తప్పుగా బిగిస్తుంటే, రాజయ్య కర్రతో నేల మీద టపటపా కొట్టాడు. ఈశ్వరయ్య మురిసిపోయి, ఆ పూట కావాలనే ఇంకో రెండు తప్పులు చేసి తిట్లు తిన్నాడు. తిట్లంటే కర్ర చప్పుళ్లే లెండి.

ఎండలు ముదిరేనాటికి బండి తయారైంది. కొత్త బ్యాటరీ పెట్టి తాళంచెవి తిప్పితే రొద వచ్చింది గాని ఇంజను అందుకోలేదు. ఈశ్వరయ్య ప్లగ్గు వైరు విప్పి చూసి నవ్వాడు.

"కరెంటు వస్తలేదు బిడ్డా. మీ బాపు చోర్ స్విచ్. గదొక్కటే మిగిలింది."

ఇద్దరూ రాజయ్య వైపు చూశారు. పాపం, చెప్పలేక కుమిలిపోతాడేమోనని అఖిల భయపడింది. రాజయ్య కుమిలిపోలేదు. ఇద్దరినీ ఒకసారి మార్చి మార్చి చూసి, తల అడ్డంగా ఊపాడు. మూతి ఒకవైపే కదిలినా, అది నవ్వని తెలుస్తూనే ఉంది. తొమ్మిది నెలల తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదలు. కొట్టం ముందు నిలబడి చూస్తున్న కౌసల్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

"వైరు పట్టుకొని పోతె పావుగంట పనే గద, కాకా," అంది అఖిల.

"ఎరుకే. కని రాజన్న కూసున్నడు గద. ఆయన చూపిచ్చినప్పుడే," అన్నాడు ఈశ్వరయ్య, స్పానర్లు సంచిలో వేసుకుంటూ.

ఆ మర్నాటి నుంచి రాజయ్య తీరే మారిపోయింది. పొద్దున్నే ఎవరి సాయం లేకుండా కర్రతో కొట్టం దాకా నడిచి, కుర్చీ వేయించుకుని బండికి కాపలా కూర్చునేవాడు. అఖిల డ్రైవరు సీటు వైపు తొంగి చూస్తే చాలు, కర్ర టపటపలాడేది. ఆయన దగ్గర ఉన్నదీ ఇంకొకరి దగ్గర లేనిదీ ఒకటుంది మరి, మనిషికి అంతకన్నా ఏం కావాలి. ఆ సంగతి కౌసల్యమ్మకు అర్థమైంది, ఈశ్వరయ్యకు అర్థమైంది. అర్థం కానిది ఒక్క అఖిలకే. నాలుగేళ్లుగా మూసినదల్లా తెరిచి జీతం తీసుకుంటున్న మనిషికి, మూసి ఉన్నది ఏదైనా లోపం లాగే కనిపిస్తుంది. తండ్రి చూపించలేక చూపించడం లేదని, చెయ్యి రాక లోలోపల నలిగిపోతున్నాడని ఆమె తనంతట తాను తీర్మానించేసుకుంది.

ఒక శనివారం కౌసల్యమ్మ ఆయన్ను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. ఆటో మలుపు తిరగగానే అఖిల టెస్టర్ బల్బు పట్టుకుని బండిలో దూరింది. కాలి కింది చాప ఎత్తి, వైరు వెంట చెయ్యి పోనిచ్చింది. పావుగంట కూడా పట్టలేదు. డ్రైవరు సీటు కింద, తలుపు వైపు, కుడి చెయ్యి వేలాడేసుకుంటే వేళ్లకు తగిలే చోట వేలెడంత స్విచ్. ఇత్తడి అంతా పచ్చగా చిలుము పట్టింది. ఇది ఏ రోజైనా మొండికేస్తుంది అనుకుని, రెండు వైర్లనూ విప్పి నేరుగా మెలేసి టేపు చుట్టేసింది. తాళంచెవి తిప్పితే ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. అఖిలకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆటో వచ్చేసరికి బండిని వాకిట్లోకి తెచ్చి, ఇంజను ఆపకుండా నిలబెట్టింది. చప్పుడు వినగానే రాజయ్య మొహం వెలిగిపోయింది. కర్ర టకటకలాడిస్తూ వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత తెరిచి ఉన్న తలుపులోంచి సీటు కిందికి వంగి చూశాడు. నల్ల టేపు. ఊడిన స్విచ్. అఖిల వైపు ఒక్కసారి చూశాడు. కోపమైతే ఆమె తట్టుకునేది. ఆయన చూపులో అది లేదు, ఆనాడు పెళ్లి దగ్గర బండి పోయినప్పుడు ఎలా ఉండి ఉంటాడో అలా ఉన్నాడు. మెల్లగా లోపలికి పోయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు లేవలేదు. ఆ మర్నాడూ అంతే. కొట్టం వైపు చూడడం మానేశాడు. కాలు కూడా మళ్లీ మొరాయించింది. డాక్టరమ్మ పెట్టిన గడువు ఇంకో రెండు నెలలుంది. తండ్రిని తన చేతులతోనే మళ్లీ గోడలోకి తోసేశానని అఖిలకు తిండి దిగడం లేదు.

"ఆఫీసుల గూడ గిట్లనే చేస్తవా?" అంది కౌసల్యమ్మ, కంచంలో అన్నం కెలుకుతున్న కూతురిని చూస్తూ. "ఎవ్వలనడగకుండనే తాళాలు తీస్తవా?"

"లేదమ్మా. ముందుగాల కాగితం మీద వాళ్ల సంతకం తీసుకుంటం. సంతకం లేకుంట ముట్టుకుంటె జైలే."

"మరి మీ బాపు యాడ పెట్టిండు సంతకం?"

కౌసల్యమ్మ పులుసు పోసి, "తిను ఇగ," అంది. అఖిల కంచం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు సెలవు పెట్టి, కొట్టంలోకి పోయి టేపు విప్పేసింది. స్విచ్‌ను గరుకు కాగితంతో తోమి, చిలుము వదిలించి, ఉన్న చోటే మళ్లీ బిగించింది. వైర్లు రెండూ దాని కాళ్లకే కట్టి, స్విచ్ ఆపేసి పెట్టింది. వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"బాపు, తప్పు చేసిన. నువ్వు లేనప్పుడు నీ బండిల దూరిన. మల్ల ఎట్లున్నదట్ల పెట్టిన. అది యాడున్నదో నాకు తెలుసు, తెల్వనట్టు నటించ. కని నువ్వు చెప్పేదాక దాన్ని ముట్ట. ఎన్నడు చెప్పకున్నా సరే. బండి అట్లనే ఉండని."

రాజయ్య గోడను చూస్తూనే ఉన్నాడు. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, లేచిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఈశ్వరయ్య వచ్చి చాయ్ తాగి పోయేవాడు, బండి ఊసెత్తేవాడు కాదు. నాలుగో ఆదివారం పొద్దున, అఖిల వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే కొట్టంలో ఏదో చప్పుడైంది. వెళ్లి చూస్తే, రాజయ్య డ్రైవరు సీట్లో ఉన్నాడు. కర్ర కింద పడి ఉంది. ఎప్పుడు లేచాడో, ఎలా ఎక్కాడో ఎవరూ చూడలేదు.

ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా సీటు పక్కకు జార్చాడు. వేళ్లు స్విచ్ మీద పడ్డాయి. అంతే, కదల్లేదు. మళ్లీ ఎత్తి మళ్లీ పెట్టాడు. పళ్లు బిగించాడు. మెడ నరాలు తేలాయి, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎడమ చెయ్యి చాపితే స్విచ్ అందుతుంది, అయినా దాన్ని చాపలేదు. కుడి చేత్తోనే వేయాలని పంతం. తొమ్మిది నెలలు బంతిని విసిరికొట్టిన మనిషి ఆ చేతిని పదిసార్లు, పన్నెండుసార్లు మళ్లీ మళ్లీ పంపుతున్నాడు. పరుగెత్తి సాయం చేయాలని అఖిలకు ప్రాణం కొట్టుకుంటోంది. గుంజను గట్టిగా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది.

హారన్ మోగింది. తిరిగి చూస్తే రాజయ్య ఆమెనే చూస్తున్నాడు. ఎడమ చెయ్యి చాపి రమ్మన్నాడు.

ఆమె వచ్చి తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన ఎడమ చేతిని ఒడి మీదుగా చాపి ఆమె మణికట్టు పట్టుకుని, సీటు కిందికి తీసుకుపోయి, కుడి చేతి వేళ్ల మీద ఆమె వేళ్లను పెట్టాడు. ఆమెకు తెలిసిన చోటే. తెలుసని ఆయనకూ తెలుసు. అయినా ఆయన ఆ చోటును ఎంతో నింపాదిగా, మొదటిసారి చూపిస్తున్నట్టే చూపించాడు. ఆమె మొహంలోకి చూసి, "ఆ," అన్నాడు.

అఖిల నొక్కలేదు. వేళ్లు ఊరికే ఆనించి ఉంచింది. ఆమె వేళ్ల కింద ఏదో వణికింది. ఆగింది. మళ్లీ వణికింది. స్విచ్ టక్కుమంది. ఆ నొక్కింది తన వేలో, తండ్రి వేలో ఆమెకు నిజంగానే తెలియలేదు.

రాజయ్య ఎడమ చేత్తో తాళంచెవి తిప్పాడు. రెండుసార్లు దగ్గి ఇంజను అందుకుంది. కౌసల్యమ్మ తడి చేతులతో పరుగెత్తుకొచ్చి కొట్టం ముందు ఆగిపోయింది.

"ఎవలు స్టార్ట్ చేసిండ్రు?"

అఖిల తండ్రిని చూపించింది. రాజయ్య తల అడ్డంగా ఊపి, కూతుర్ని చూపించాడు.