ఆకు లేని గుగ్గిలం కొమ్మ

నేను ఒక గుగ్గిలం కొమ్మను. జానెడు పొడవు, మూడు పూగుత్తులు, ఒక్క ఆకు కూడా లేదు. కడపలోని ఒక కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో, ఇనుప బీరువాలో, దళసరి అట్టకు దారంతో కుట్టేసి ఉన్నాను.

మా ప్రజాతిని శాస్త్రజ్ఞులు బాస్వెల్లియా అంటారు. మా చుట్టాలు అరేబియాలో ఉన్నారు, ఆఫ్రికా రాతిగుట్టల మీద ఉన్నారు, ఇక్కడ పాలకొండల్లోనూ ఉన్నారు. మన్ను లేకపోయినా ఫర్వాలేదు, బండ పగుల్లోకి వేరు దించుకుంటాం. చలి తగ్గేసరికి ఆకంతా రాల్చేసి బోడికొమ్మల మీదే పూస్తాం. ఒంటికి గాటు పెడితే పాలు కారి గడ్డకడతాయి. ఆ గడ్డను నిప్పుల మీద చల్లి గుడిలో దేవుడికీ, దర్గాలో పీరుకూ, ఇంట్లో బాలింతకూ పొగ వేస్తారు. మనుషులు ఇంకెందులోనూ ఒకటి కాకపోయినా మాకు గాటు పెట్టడంలో మాత్రం ఒకటే.

నన్ను కోయించిన మనిషి ఖుర్షీద్ మేడం. ఆ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా వృక్షశాస్త్రం చెప్పేది. ఈ కొండల్లోని గుగ్గిలం చెట్లన్నింటినీ జాతులవారీగా తేల్చి రాయాలని ఆమె పట్టుదల. సెలవు దొరికితే చాలు, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని కొండెక్కేది. దారి చూపేది తుపాకుల పెంచలయ్య. బంక ఏరుకుని బతికే యానాది మనిషి, అరవై దాటినవాడు.

ఆమె పుస్తకం ప్రకారం ఆ కొండల్లో గుగ్గిలం రెండు రకాలే. ఒకరోజు సెలయేటి దగ్గర అన్నం తింటూ ఆ మాటే అంది. పెంచలయ్య చెయ్యి కడుక్కుని అన్నాడు.

"మూడోది ఉండాది మేడమ్మా. పుల్లగుగ్గిలం అంటాం. దాని పాలు చింతచిగురు వాసనొస్తాయి. నాకు తెలిసి ఒక్కటే చెట్టు."

"యాడుంది పెంచలన్నా?"

"సూపిస్తా. కానీ ఆ చోటు ఎవురికీ చెప్పగూడదు."

"ఎవరికీ చెప్పను," అంది ఆమె.

దొంగలబండ కింద, మనిషి కూర్చోవడానికి కూడా చాలని రాతిచట్టు మీద ఉండేది మా అమ్మ, ఆ పుల్లగుగ్గిలం చెట్టు. మాఘమాసం, ఆకులన్నీ రాలిపోయాయి, పూలు మాత్రం ఉన్నాయి. పెంచలయ్య చెట్టుకు మొక్కి, కొడవలితో నన్ను ఒక్కదాన్నే కోశాడు. కోసిన చోట ఊరిన పాలను ఆమె వేలికి రాసుకుని వాసన చూసింది. చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు ఆమె ముఖం మీద మళ్లీ నేను చూడలేదు.

నన్ను పాత పేపర్ల మధ్య పెట్టి నొక్కి ఆరబెట్టారు. నా ఫొటోలు నగరంలోని నిపుణుడికి పంపితే జవాబు వచ్చింది: పువ్వులో తేడా కనిపిస్తోంది, కానీ ఆకు చూడకుండా కొత్త జాతి అని తేల్చలేము, వానాకాలంలో ఆకులు పంపండి.

నాలుగు నెలలు ఓపిక పడితే సరిపోయేది. కానీ కళాశాల వార్షికోత్సవం వచ్చింది. కొత్త గుగ్గిలం చెట్టు కనిపెట్టిందని ప్రిన్సిపాల్ గారు ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఇన్నేళ్లలో ఆమె పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. తర్వాత ఒక విలేకరి వచ్చి, ఎంతో మర్యాదగా, "ఆ చెట్టు ఎక్కడుందండీ?" అని అడిగాడు. ఆమె చెప్పేసింది. చెప్పిన మరుక్షణం నాలుక కరుచుకుంది. అయినా, వద్దు, రాయకండి అని అనలేకపోయింది.

మర్నాడు వార్త వచ్చింది. దాంతోపాటే ఆ బంక మోకాళ్ల నొప్పులకు దివ్యౌషధమనే పుకారూ పుట్టింది. అది ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. వారం తిరక్కముందే గొడ్డళ్లు కొండెక్కాయి.

ఆషాఢంలో రెండు వానలు పడ్డాక ఆమె పెంచలయ్యను వెంటబెట్టుకుని ఆకుల కోసం బయల్దేరింది. నాతో పోల్చి చూడాలని నన్నూ అట్టపెట్టెలో పెట్టుకుంది. కొండంతా పచ్చబడింది. మా అమ్మకు మాత్రం మొదలు చుట్టూ రెండు మూరల మేర బెరడు లేదు. పాలు కారిపోయి, చెక్క ఎండి, నిలువునా పగిలింది.

ఆమె ఆ చట్టు కిందే కూలబడింది. "నేనే చెప్పినాను పెంచలన్నా, ఆ పేపరాయనకు."

పెంచలయ్య తిట్టలేదు. చెట్టును చేత్తో తడిమాడు.

"మా నాయన నాకొక్కనికే సూపించినాడమ్మా. నేను నా కొడుక్కు గూడా సూపీలా," అన్నాడు. ఎప్పుడూ ఆమె వెనకే దిగేవాడు, ఆ రోజు ముందు దిగిపోయాడు. మళ్లీ ఆమెను కొండకు తీసుకుపోలేదు.

చివరికి నగరంనుంచి నిపుణుడే ఒకసారి వచ్చాడు. నన్ను భూతద్దం కింద పది నిమిషాలు చూసి అట్ట మీద చీటీ అంటించాడు: 'మామూలు జాతి. ఆకులు లేవు.' ఆయన్ను తప్పు పట్టలేను. ఆయన ముందున్నది నేనొక్కదాన్నే.

నన్ను కోసిన ఎనిమిదేళ్లకు, ఉద్యోగంలో చివరి వారం ఖుర్షీద్ మేడం నన్ను తీసుకుని పెంచలయ్య గుడిసెకు వెళ్లింది. అతని చూపు మందగించింది. ఆమె గొంతు గుర్తుపట్టి చాప వేయించాడు.

"అన్నా, మామూలు జాతని ఆ నిపుణుడు అంటించిన చీటీ మీద ఇంకో చీటీ అంటించొచ్చు. ఇది పుల్లగుగ్గిలం, తేల్చింది తుపాకుల పెంచలయ్య అని రాసుకొచ్చినా. నీ వేలిముద్ర వేస్తే చాలు."

అతను నన్ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కోసిన చోట గోటితో గీరి మళ్లీ వాసన చూశాడు. పురుగు పట్టకుండా ఎనిమిదేళ్లుగా చల్లిన మందు వాసన తప్ప నాలో ఏమీ మిగల్లేదు.

"వాసన ల్యాదమ్మా," అన్నాడు.

"నువ్వే కోసి ఇచ్చినావు కదన్నా!"

"కోసినా. యాదుండాది. కానీ ఇప్పుడు నా సేతిలో ఉండేది అదేనని ఎట్ట సెప్పేది? కళ్లు గూడా కనపడవు. తెలీనిదానికి ఏలిముద్ర ఎయ్యలేనమ్మా."

ఆమె బతిమాలలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. పోతూ పోతూ అతని కాళ్లకు దండం పెట్టబోతే, అతను కాళ్లు వెనక్కి ముడుచుకున్నాడు.

శనివారం ఆమె నన్ను మామూలు జాతి కట్టలో, ఇరవై ఆరు కొమ్మల అడుగున సర్ది, బీరువా తాళం కొత్త లెక్చరర్‌కు ఇచ్చి వెళ్లిపోయింది.