లేని బోటు

రెండు వేల పదహారులో, వేట నిషేధం మొదలైన వారానికి, అసిరమ్మ బోటుని పట్టపగలే పట్టుకెళ్లారు. వచ్చిన ముగ్గురూ జాలరి వేషం కట్టారు. గళ్ల లుంగీల మడత కూడా నలగలేదు, కాళ్లకి మాత్రం నల్లబూట్లు. ఒకడు పోలీసు, ఒకడు ఫిషరీసు, ఒకడు రెవెన్యూ. సముద్రం మీంచి దొంగసరుకు దిగుతోందట, గుట్టుగా కనిపెట్టాలట. మరి ముగ్గురెందుకూ అంటే, ఒకడేం చేస్తున్నాడో మిగతా ఇద్దరూ కనిపెట్టడానికి.

"పది రోజుల్లో ఇచ్చేస్తాం. ఎవరికీ చెప్పకు" అన్నారు. ఊరంతా ఒడ్డున నిలబడి విన్నది.

దొంగసరుకు దొరకలేదు. ముగ్గురికీ వాంతులు మాత్రం అయ్యాయి. రెండు నెలలు కావస్తున్నా బోటు రాలేదు. ఎల్లుండి వేట తెరుస్తారు. మొగుడు పోతురాజు వల బాగుచేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఈ అదను పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

అసిరమ్మ శ్రీకాకుళం బస్సెక్కింది. బోటు ఎక్కడుందో ఆవిడకి తెలుసు. ఒక షెడ్డు వెనక, టార్పాలిను కింద, తన ఊరివాడే అయిన హోంగార్డు లక్ష్ముడి కాపలాలో ఉంది.

"బోటా? పోలీసులనడుగు" అన్నాడు ఫిషరీసాయన.

"రహస్యం సంగతి నీకెవరు చెప్పారు?" అన్నాడు పోలీసాయన.

"మీరే కదా బాబూ, ఎవరికీ సెప్పొద్దని సెప్పినారు."

రెవెన్యూ ఆయన కాస్త నెమ్మదస్తుడు. "బోటు వదలాలంటే మూడు ఆఫీసులూ మీటింగు పెట్టాలి. కాగితం లేని పనికి మీటింగెలా పెడతామమ్మా? మా దగ్గర ఏ బోటూ లేదు."

"అదే రాసియ్యండి బాబూ. ఉట్టి సేతుల్తో ఎల్తే మా మావ నమ్మడు."

సంతోషంగా రాసి సీలేశాడు. ఆ సీలు చూసి మిగతా ఇద్దరూ దానికిందే తమవీ గుద్దేశారు. ఇన్నాళ్లుగా మాట కలవని మూడు ఆఫీసులూ ఒక్క పూటలో ఒక్కటైపోయాయి.

మర్నాడు పొద్దున్నే అసిరమ్మ ట్రాక్టరుతో షెడ్డు దగ్గర దిగింది.

"ఆగు పిన్నీ, అది గవర్మెంటు బోటు" అన్నాడు లక్ష్ముడు.

"గవర్మెంటు కాడ బోటు లేదురా. సదువు."

వాడు రెండుసార్లు చదివాడు. మూడు సీళ్లూ చూశాడు, టార్పాలినూ చూశాడు.

"మరి నేను కాస్తన్నదేటి పిన్నీ?"

"నిన్ను కాయమని కాయితం ఇచ్చినారా?"

"లేదు. నోటిమాటే."

"అయితే నువ్వూ ఇక్కడ లేవు. లేనోడివి ఊరికే నిలబడతావేటి, ఆ పక్క పట్టు."

పట్టాడు.