ఎర్రబడని కాగితం

పెనుకొండ పక్క పల్లెలో ఓబులమ్మ గొర్రెల మంద మొత్తం తెల్లారేసరికి కాళ్లు చాపి పడిపోయింది. గంప కింద మూసిన గొర్రెపిల్లలు మాత్రం మిగిలినాయి.

"జొన్నచేలో పిలకలు మేపినావు గదా వదినా, ఆ విషమే ఎక్కింది," అన్నాడు మరిది సుంకప్ప. ఊరంతా అదే మాట పట్టుకుంది. గుంత తవ్వింది సుంకప్పే, ఆమెకంటే ఎక్కువ ఏడ్చిందీ అతనే. ఇక గొర్రెలు కాయడం తన చేత కాదనుకుని ఓబులమ్మ చనిపోయిన మొగుని చేతికర్రను అతని చేతిలో పెట్టేసింది. ఎరువు కోసం రాత్రిళ్లు చేలో మంద కట్టమని రైతులు ఎప్పుడూ ఆమెనే పిలిచేవాళ్లు. ఆ పిలుపులు కూడా ఇక సుంకప్ప మందకే.

పశువుల డాక్టరు ఒక గొర్రె కడుపులోని మేత తీసి ఐసులో పెట్టి, ధర్మవరం నుంచి కెమిస్ట్రీ ప్రొఫెసరు కేశవమూర్తిని పిలిపించాడు. ఆకుల్లో విషాలు కనిపెట్టడం ఆయన పని. పోలీసులు కూడా ఆయన దగ్గరికే వస్తారు. ఏ పరీక్షయినా బడిపిల్లల ముందర చేసి చూపడం ఆయనకు అలవాటు.

బడి వరండాలో, పిల్లలూ ఊరివాళ్లూ చూస్తుండగా, రెండు సీసాలు పెట్టినాడు. ఒకదాంట్లో నలిపిన జొన్న పిలకలు, ఇంకోదాంట్లో ఆ మేత. రెండింటి మూతలకూ మందులో తడిపిన పసుపు కాగితం ముక్కలు వేలాడదీసినాడు.

"జొన్న విషముంటే కాగితం ఎర్రబడుతుందమ్మా."

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిడ్డల మాదిరి సాకిన వాటిని తన చేతులారా చంపుకుందో లేదో ఆ కాగితమే చెప్పాల.

పిలకల సీసాలో కాగితం ఇటుక రంగుకు తిరిగింది. రెండోది పసుపుగానే ఉండిపోయింది.

"ఏమబ్బా సుంకప్పా, కాగితం నీ మాట వినలేదే," అని ఎవరో నవ్వినారు.

ప్రొఫెసరు మేతను జల్లెడలో కడిగినాడు. తవుడు కారిపోయి మందపాటి ఆకు ముక్కలు మిగిలినాయి.

"గన్నేరు. గొర్రె నమిలితే అంచు చిరుగుతుంది, ఇది కత్తితో తరిగినట్టుండాది. తవుడులో కలిపి పెట్టినారు. తవుడు ఎవరు వేసినారమ్మా?"

ఓబులమ్మ సుంకప్ప వైపు తిరిగింది. మంద చచ్చే ముందురోజు సాయంత్రం సుంకప్ప తవుడు మూట మోసుకొచ్చి, "అలిసిపోయినావు, కూచో వదినా, నేనేస్తా," అన్నాడు. మొగుడు పోయినాక తనను కూచోమన్నవాడు ఇతనొక్కడేనని ఆమె అప్పుడు కళ్లు తుడుచుకుంది.

"హిందూపురం అంగట్లో కొన్న తవుడు సార్ అది. దాంట్లో ఏముండాదో నాకెట్ల తెలుసు?" అన్నాడు సుంకప్ప, అతన్ని ఎవరూ అడగకముందే.

"సగం మూట నీ మందకని తీసుకపోతివే," అంది ఓబులమ్మ. "నీ గొర్రెలు బాగుండాయి గదప్పా."

సుంకప్ప డాక్టరు వైపు చూసినాడు, బడిపిల్లల వైపు చూసినాడు, ఆమె వైపు మాత్రం చూడలేదు.

కాగితం ఎర్రబడి ఉంటే బాగుండునని ఓబులమ్మకు ఒక్క క్షణం అనిపించింది. తప్పు తనదే అయ్యుంటే ఇంటికి మరిదన్నా మిగిలేవాడు.

"పోలీసులకు రాయాల్సి వస్తుందమ్మా," అన్నాడు ప్రొఫెసరు మెల్లగా.

"చూసింది చూసినట్టు రాయండి సార్."

ఆమె లేచి సుంకప్ప ముందుకు పోయి చెయ్యి చాపింది.

"కర్ర ఇట్లియ్యి. ఇంటికాడ గొర్రెపిల్లలు పాలకు అరుస్తాంటాయి."