జొన్నల పాతరకు ఐదు మార్కులు

తాండూరులోని ఆ ప్రైవేటు హైస్కూల్లో పదో తరగతికి సోషల్ చెప్పే జ్యోతిరాణికి వారం రోజులుగా ఒకటే రోత. రోత కాక మరేమిటి? రెండో ప్రపంచ యుద్ధం మీద ప్రాజెక్టు రాయమంటే, ముప్పై తొమ్మిది మంది జిరాక్స్ షాపుకు పోయి ఒకే ప్రాజెక్టును ముప్పై తొమ్మిది అట్టల్లో కొనుక్కొచ్చారు. అదే హిట్లరు, అదే మీసం. ఒకడైతే చివరి పేజీలో ఉన్న వికారాబాద్ పిల్లవాడి పేరు కూడా కొట్టేయలేదు!

ఒక్క అంజలే సొంతంగా రాసింది. పెద్దేముల్ దగ్గర గొర్లకాపరుల పిల్ల. ఆ యుద్ధకాలంలో సర్కారు మనుషులు లెవీ అంటూ ఇంటింటి జొన్నలూ గుంజుకుపోతుంటే, తన ముత్తవ్వ గుంత తవ్వి, గింజలు పాతరేసి, దాని మీద గొర్ల మందను పండబెట్టి ఎట్లా దాచిందో నానమ్మ బీరమ్మను అడిగడిగి పన్నెండు పేజీలు నింపింది. జ్యోతిరాణి రెండుసార్లు చదివి అంజలికి ఐదుకు ఐదు వేసింది. కొనుక్కొచ్చిన వాళ్లకు తలా ఒకటి. మార్కుల తనిఖీకి వేరే బడి సార్లు వస్తున్నారంటే, వాళ్లయినా ఆ పన్నెండు పేజీలు చదివితే చాలనుకుంది.

వచ్చారు మహానుభావులు. అందులో పెద్దవాడు శ్రీశైలం సారు కూర్చుంటూనే బిర్యానీ సంగతి అడిగాడు. కడుపునిండా తిని, బొక్కల పళ్లెం కింద పరచడానికి చెయ్యి చాచి, అంజలి ప్రాజెక్టునే లాక్కున్నాడు. నూనె అట్టంతా ఇంకింది. థూ, ఏం మనిషి!

అది చదివే ప్రాజెక్టని ఆమె గట్టిగానే చెప్పింది. ఆయన ఎంగిలి వేళ్లతో రెండు పేజీలు తిప్పి, బొమ్మల్లేవు, ఇంటర్నెట్ కాగితాల్లేవు, దీనికి ఒకటి కన్నా ఎక్కువ రాదన్నాడు. హెడ్మాస్టరు చంద్రకాంత్ నవ్వుతూ కొత్త జాబితా ముందుకు తోశాడు. నలభై మందికీ ఐదే.

"గీడ సంతకం పెట్టుండ్రి మేడం. గా పిల్లకు గూడ ఐదొస్తయి. లేకుంటే ఒకటే."

పిల్ల మార్కులు పోతాయని పెట్టేసింది. బయటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంది.

సాయంత్రం జాబితాను గోడకు అంటించారు. అంజలి దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, తన ప్రాజెక్టు కోసం స్టాఫ్ రూముకు వచ్చింది. నూనె మరక మీద వేలు పెట్టి చూసింది.

"అందరికి ఐదే వచ్చినయి. సార్లు నాది సదవలే గద మేడం?"

"సదవలే బిడ్డా."

"మీరు సదివిండ్రా?"

"సదివిన. రెండుసార్లు."

"గా లిస్టుల సంతకం మీదే ఉన్నది."

నీ కోసమే పెట్టానన్న మాట జ్యోతిరాణి నోటిదాకా వచ్చింది. అది తనకే రోతగా అనిపించి మింగేసింది.

అంజలి అట్ట విప్పి పన్నెండు కాగితాలూ బయటికి తీసుకుంది. ఖాళీ అట్టను టీచరు ముందు పెట్టింది.

"మార్కులకు గీ అట్ట సాలు మేడం. గివి మా నానమ్మయి, తీస్కపోత."