తలుపు పక్క టేబుళ్లు

మా హోటల్ మళ్లీ తెరుస్తున్నారని తెలిసి సంబరపడ్డాను. వంటగదిలో కూరగాయలు తరిగేది నేను. బయట వడ్డించేది మా ఆయన, మా తమ్ముడు. జబ్బు భయంతో ఊరంతా తలుపులు బిగించుకున్నాక ముగ్గురమూ ఖాళీగానే ఉన్నాం.

మా ఆయన పెద్ద సర్వర్. లోపలి ఏసీ హాలు ఆయనది. ఒక్క చేతి మీదే నాలుగు ప్లేట్లు పేర్చుకుని వస్తుంటే ఆ నడక ముందు పెళ్లికొడుకు కూడా దిగదుడుపే. తమ్ముణ్ణి పనిలో పెట్టించిందీ ఆయనే, తలుపు పక్క టేబుళ్లు అంటగట్టిందీ ఆయనే. అక్కడ దుమ్ము, హారన్ల మోత, అరకొర టిప్పులు. కొత్తలో ఎవరైనా అక్కడే మొదలెట్టాలనేవాడు. నాలుగేళ్లయినా ఆ కొత్త పాతబడలేదు.

తెరిచిన రోజు ఓనర్ కొత్త పద్ధతులు చెప్పాడు. గాలి ఆడనిచోట ఎవర్నీ కూర్చోబెట్టకూడదట, ఏసీ హాలుకు తాళం. తలుపు పక్క టేబుళ్లలోనూ ఒకటి విడిచి ఒకటి. ప్లేట్లు పక్కనున్న స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగితే తినేవాళ్లే తీసుకోవాలి. మిగతాదంతా పార్సిలే. అన్నీ చెప్పి, ఇక ఒక్క సర్వర్ చాలన్నాడు. ఎవరో మీలో మీరే తేల్చుకోండని కౌంటర్లోకి వెళ్లి కూర్చున్నాడు.

ఓడలు బళ్లవుతాయని ఊరికే అనలేదు. ఎవరికీ అక్కర్లేని ఆ టేబుళ్లే ఇప్పుడు అన్నం పెట్టేవి. అవి తమ్ముడివి.

నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తయ్య. తమ్ముడి భార్యకు ఏడో నెల. న్యాయం ఎటుందో నాకు తెలియక కాదు.

అంతలో ఒక కుటుంబం వచ్చింది. మా ఆయన అలవాటు కొద్దీ ప్లేట్లు చేతిమీద వేసుకెళ్లి టేబుల్ మీదికి వంగాడు. పిల్లను ఎత్తుకున్న తల్లి కుర్చీతో సహా వెనక్కి జరిగింది. ఆయన అలాగే నిలబడిపోయాడు. తమ్ముడు వెళ్లి ఆ ప్లేట్లు నెమ్మదిగా అందుకుని స్టూలు మీద పెట్టాడు. వాడి మంచితనం చూస్తే నాకు భయమేసింది.

భయపడ్డట్టే అయింది. ఇద్దరూ వంటగదిలోకి వచ్చారు.

"ఈ వయసులో మిమ్మల్ని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు బావా? మీరుండండి. నేనెక్కడో చూసుకుంటాలే."

వద్దురా అంటాడని ఎదురుచూశాను. మాటవరసకైనా అంటాడనుకున్నాను. మాస్కు పైన ఆయన కళ్లు నేల చూపులు చూస్తున్నాయి. తమ్ముడు నావైపు తిరిగాడు. అక్కను కదా, నేనైనా అంటాననుకున్నాడేమో. నా కళ్లముందు నా పిల్లలే కనబడ్డారు. తరుగుతున్న కూరగాయల వైపు తిరిగాను.

"వెళ్లొస్తానక్కా."

"మాస్కు తియ్యకురా. రోజులు బాగాలేవు," అన్నాను.

అనాల్సిన మాట అది కాదని ముగ్గురికీ తెలుసు.